ముందు కథ, ఆ పిమ్మట నృత్యం

చిత్తూరు సీమ పల్లెల్లో, ఎక్కువగా వేసవి దినాలలో, ధర్మరాజుల గుడి ముందర 'భారతం' జరుగుతుంది. ఇది సాధారణంగా పద్దెనిమిది రోజుల ఉత్సవం. పగటిపూట భాగవతారు ఆనాటి ఘట్టాన్ని హరికథగా చెబుతాడు. రాత్రి అదే కథను వీధినాటకంవారు తెల్లవారేదాకా ఆడతారు. అర్జునుని తపస్సు నాడు వేషధారి ఎత్తైన మాను ఎక్కుతాడు. చివరినాడు మైదానంలో మట్టితో చేసిన భారీ దుర్యోధనుని బొమ్మ వెల్లకిల పడి ఉంటుంది. భీముడు దాని తొడమీద గదతో కొట్టిన తరువాతగాని ద్రౌపది కురులు ముడివేయదు.

ఈ ఏర్పాటులో ఒక విశేషం ఉంది. మధ్యాహ్నం తల్లి ఒడిలో కూర్చొని ద్రౌపది శపథం విన్న పిల్లవానికి, రాత్రి తెర తొలగేసరికి కథ తెలిసే ఉంటుంది. తరువాత ఏమి జరుగుతుందో అన్న ఆరాటం వానికి ఉండదు. అందువల్ల వాని చూపు వేషం మీద, అడుగు మీద, గొంతు మీద నిలుస్తుంది. పామరజనం తరతరాలుగా మహాభారతాన్ని నేర్చుకొన్నది ఇలా చెవితో ఒకమారు, కంటితో ఒకమారు. పిల్లలకు శాస్త్రీయ నృత్యాన్ని పరిచయం చేయదలచినవారు ఈ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది.

నేడు పట్టణాలలో నృత్యం నేర్చే బాలబాలికలకు కొదవ లేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. వీధి వీధికీ చిన్న శిక్షణాలయాలూ ఉన్నాయి. అడుగులు, హస్తముద్రలు నేర్పే క్రమం వీటిలో చక్కగా సాగుతుంది. ఆడే పిల్లల సంగతి అది. చూచే పిల్లల సంగతిని మాత్రం ఎవరూ పట్టించుకొన్నట్లు కనబడదు. వేదిక మీద ఒక బాలిక ఆడుతూ ఉంటే ఎదుట వందమంది పిల్లలు కూర్చొని ఉంటారు. ఆ అమ్మాయి ఎవరి పాత్ర ధరించిందో, ఎందుకు కోపగించిందో వారికి తెలియదు. కొంతసేపు నగలను చూచి, మరి కొంతసేపు పక్కవానిని గిల్లి, చివరకు నిద్రపోతారు. ఆడేవారు పెరిగి చూచేవారు తరిగితే, ఆ కళకు ప్రేక్షకులుగా మిగిలేది ఆడేవారి బంధువులు మాత్రమే.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. పాశ్చాత్యుల 'బ్యాలే' నృత్యంలో సాధారణంగా మాట గాని పాట గాని ఉండదు. కథ అంతా కదలికలలోనూ వాద్యసంగీతంలోనూ నడుస్తుంది. అందుకే అక్కడి పెద్దలు కథను ముందుగా చెప్పి పిల్లలను తీసుకువెళతారు. రష్యా సంగీతకారుడు చైకోవ్‌స్కీ సంగీతం కూర్చిన 'నట్‌క్రాకర్' 1892లో ప్రదర్శితమైంది. దాని మూలం జర్మన్ రచయిత హాఫ్‌మన్ రాసిన కథ. ఈనాటికీ క్రిస్మస్ రోజులలో అనేక దేశాల పిల్లలు చూచే మొదటి బ్యాలే అదే. ఆ దేశానికే చెందిన ప్రొకోఫియెవ్ 1936లో 'పీటర్ - తోడేలు' అనే సంగీత కథను పిల్లల కోసమే రచించాడు. అది నృత్యం కాదు. కాని ఉపాయం గమనింపదగినది. అందులో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాద్యం. పక్షికి వేణువు, పిల్లికి క్లారినెట్, తోడేలుకు మూడు హారన్ వాద్యాలు. వాద్యం మోగగానే ఎవరు వస్తున్నారో పిల్లవాడు కళ్ళు మూసుకొని చెప్పగలడు.

ఇంత దూరం పోనక్కరలేదు కూడా. మన యక్షగానంలో, వీధినాటకంలో, కూచిపూడి కలాపంలో పాత్రప్రవేశ దరువు ఉంది. పాత్ర తానెవరో తన పాటతోనే చెప్పుకొంటూ తెర వెలుపలికి వస్తుంది. ఆ దరువును ఇంట్లోనో బడిలోనో నాలుగుసార్లు వినిపిస్తే చాలు, ప్రదర్శననాడు పిల్లలు పాత్రను పరిచయస్థునిలా గుర్తుపడతారు. రాగాల పేర్లు, తాళాల లెక్కలు అప్పుడే అక్కరలేదు. ముఖారి వింటే మనసు కరుగుతుందనీ, అఠాణా వింటే వెన్ను నిటారవుతుందనీ వారికి అనుభవంలోకి వస్తే చాలు. పేరు తరువాత తెలుస్తుంది.

మన నృత్యనాటకంలో సాహిత్యం ఉండడం గొప్ప సౌకర్యమే. అయితే పాట సాగదీతలో సమాసం విరిగిపోతుంది. పిల్లల చెవికి అర్థం అందదు. కనుక కథను వాడుక మాటలలో ముందే చెప్పక తప్పదు.

ఏ కథ చెప్పాలి అన్నది తరువాతి ప్రశ్న. వెంపటి చిన సత్యం రూపొందించిన 'క్షీరసాగర మథనం' వంటివి చిన్నపిల్లలకు తగినవి. దేవతలూ రాక్షసులూ పామును తాడుగా చేసి కొండను తిప్పడం ఏ బాలునికి రుచించదు? ప్రహ్లాదుని కథలో కథానాయకుడు బాలుడే. చిత్తూరు సీమ పిల్లలకు మరొక భాగ్యం ఉంది. పద్మావతీ శ్రీనివాసుల కల్యాణకథ వారి ఊళ్ళలోనే జరుగుతుంది. నారాయణవనం, తిరుచానూరు వారు బస్సులో వెళ్ళివచ్చిన చోట్లు. పెళ్ళికోసం స్వామి కుబేరుని దగ్గర అప్పు చేశాడని చెప్పగానే, హుండీలో తాము వేసిన రూపాయి గుర్తుకు వచ్చి నవ్వుతారు. ఈ సీమలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ 'బాలకృష్ణ నాటకం' అనే యక్షగానాన్ని రచించింది. వెన్నదొంగ కథకు ఇంతకంటె దగ్గరి చుట్టం దొరకదు. అన్నమాచార్యుల (1408–1503) జోలపాటలు, కోలాటపు పాటలు సరేసరి. వాటిని పాడుకొంటూ పెరిగిన పిల్లకు అభినయం కొత్త భాష అనిపించదు.

తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచున నిలిచి ఆడడం చూచి పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టనివ్వండి. అయితే ఆ చప్పట్లు పళ్ళేనికే గాని కృష్ణునికి కావు.

భామాకలాపం కొంచెం ఎదిగినవారికి. సత్యభామ విరహాన్ని ఎనిమిదేళ్ళవానికి వివరించబూనడం వృథాశ్రమ. పన్నెండేళ్ళు దాటినవారికి ఆమె అతిశయాన్ని, కృష్ణుని అలుకను, మాధవి చేత పంపిన లేఖను ముందురోజు కథగా చెప్పవచ్చు. ఆ జడ విషయం కూడా చెప్పాలి: సత్యభామ ముఖం చూపకముందే తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ఆ జడ అందానికి మాత్రమే కాదు, సత్య గర్వానికీ గుర్తు. ఈ సంగతి తెలిసిన పిల్లలు, ఇద్దరు మనుషులు తెర పట్టుకొని రంగం మీదికి రాగానే మాటలు మాని తెర పైఅంచు వైపే చూస్తూ కూర్చుంటారు.