రౌటర్ అడుగున రాసిన నంబరు

రౌటర్ అట్టపెట్టె మీద కంపెనీవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసేది వేగం. మూడు వందలు, పన్నెండు వందలు, మూడు వేలు అంటూ ఏటా ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ వేసుకుందామనుకునేవాళ్లకు ఆ అంకెతో పెద్దగా పని లేదు. వాళ్లు చూడాల్సింది డబ్బా అడుగున, సీరియల్ నంబరు పక్కన చిన్నగా అచ్చయి ఉంటుంది. ‘వీ2’ అనో, ‘వీ13’ అనో. అదే హార్డ్‌వేర్ వెర్షన్. ఆ నంబరుకు అంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒక పాత రౌటర్ కథ చెప్పుకోవాలి.

తైవాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన విక్టర్, జానీ త్సావ్ దంపతులు 1988లో కాలిఫోర్నియాలోని ఇర్విన్‌లో, తమ ఇంటి గరాజ్‌లో పెట్టిన సంస్థ లింక్‌సిస్. ఆ సంస్థ 2002 డిసెంబరులో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ముందు భాగం నీలం, మిగతాదంతా నలుపు, వెనక రెండు యాంటెన్నాలు. పేరులోని 54 సెకనుకు 54 మెగాబిట్ల వేగాన్ని సూచిస్తుంది. ఆ వేగానికి ఆధారమైన 802.11జీ ప్రమాణానికి అధికారికంగా ఆమోదముద్ర పడింది 2003 జూన్‌లో. అంటే ప్రమాణం ఖరారయ్యేలోపే సరుకు దుకాణాలకు చేరిపోయింది. లోపల బ్రాడ్‌కామ్ వారి 125 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 16 ఎంబీ ర్యామ్, ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీ 4 ఎంబీ. ఈ 4 ఎంబీ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

2003 మార్చిలో నెట్‌వర్కింగ్ కంపెనీ సిస్కో సుమారు 50 కోట్ల డాలర్ల విలువైన తన షేర్లిచ్చి లింక్‌సిస్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. మూడు నెలలు తిరిగేసరికి ఆండ్రూ మిక్లస్ అనే ప్రోగ్రామర్ ఒక విషయం బయటపెట్టాడు. ఈ రౌటర్ లోపల నడుస్తున్నది లినక్స్. లినక్స్‌కు ఉన్న జీపీఎల్ లైసెన్సు ప్రకారం దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే అమ్మినవాళ్లు తాము చేసిన మార్పులతో సహా సోర్స్ కోడ్‌ను కొన్నవాళ్లకు ఇవ్వాలి. లింక్‌సిస్ ఇవ్వలేదు. నిజానికి ఆ కోడ్ రాసింది లింక్‌సిస్ కాదు. బ్రాడ్‌కామ్ చిప్‌తో పాటు తైవాన్‌లోని సైబర్‌టాన్ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ లింక్‌సిస్ చేతికి, అక్కణ్నుంచి సిస్కో చేతికి వచ్చింది. అన్ని చేతులు మారిన సరుకులో ఏముందో కొన్నవాళ్లు సరిగ్గా చూసుకోలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పట్టుబట్టింది. కొద్ది నెలల్లోనే కోడ్ బయటికొచ్చింది.

ఈలోగా కుతూహలం ఉన్నవాళ్లు వేరే దారి కూడా కనిపెట్టారు. రౌటర్ సెట్టింగుల పేజీలో, కనెక్షన్ పనిచేస్తోందో లేదో పరీక్షించే ‘పింగ్’ గడి ఒకటి ఉండేది. అందులో వెబ్‌సైట్ చిరునామాకు బదులు వెనక్కి వాలిన కోట్ గుర్తుల మధ్య ఏదైనా లినక్స్ కమాండ్ రాస్తే, రౌటర్ దాన్ని బుద్ధిగా నడిపి ఫలితం చూపించేది. భద్రతాపరంగా అది పెద్ద లోపమే. కానీ ఇంట్లో మూల కూర్చున్న ఆ డబ్బా నిజానికి పూర్తిస్థాయి కంప్యూటరని చాలామందికి మొదటిసారి తెలిసింది ఆ గడి వల్లే.

కోడ్ చేతికి రాగానే కొత్త ఫర్మ్‌వేర్లు పుట్టుకొచ్చాయి. 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. దాని పేరులోని చివరి మూడక్షరాలు ఈ రౌటర్‌వే. 2005లో జర్మనీకి చెందిన సెబాస్టియన్ గాట్‌షాల్ డీడీ-డబ్ల్యూఆర్‌టీ తెచ్చాడు. ఆ తర్వాత జొనాథన్ జరాటే రాసిన టొమేటో వచ్చింది. తక్కువ ధర రౌటర్‌కు ఫైర్‌వాల్, వీపీఎన్, మెష్ నెట్‌వర్క్ లాంటి ఖరీదైన పనులన్నీ అబ్బాయి. బెర్లిన్‌లో ఫ్రైఫుంక్ అనే ఉచిత నెట్‌వర్క్ ఉద్యమ కార్యకర్తలు ఇలాంటి రౌటర్లను ఇళ్ల కప్పుల మీదికెక్కించి ఊళ్లో ఉచిత నెట్‌వర్క్ అల్లారు. మన దేశంలో 2005లో ఆరుబయట వైఫై వాడకానికి లైసెన్సు అడ్డంకి తొలగగానే, ఆ ఫిబ్రవరిలోనే ధర్మశాల కొండల్లో టిబెటన్ సంస్థల ప్రాంగణాలను కలుపుతూ మెష్ నెట్‌వర్క్ పెట్టారు. నెలాఖరుకు ఎనిమిది ప్రాంగణాలు అందులో చేరాయి. తర్వాత ఎయిర్‌జల్దీ అనే సంస్థగా ఎదిగింది అదే.

సరిగ్గా ఆ ఏడాదే ఈ కథలో చెడ్డ మలుపు వచ్చింది. డబ్ల్యూఆర్‌టీ54జీ అయిదో వెర్షన్‌లో లింక్‌సిస్ లినక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ పెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు చోటు తక్కువ సరిపోతుంది కనుక ఫ్లాష్‌ను 4 నుంచి 2 ఎంబీకి, ర్యామ్‌ను 16 నుంచి 8 ఎంబీకి కోసేసింది. పేరు అదే, రూపం అదే, నీలి రంగూ అదే. కొన్నవాళ్లకు తేడా తెలిసేది అడుగున ఉన్న వెర్షన్ నంబరు చూస్తేనే. డీడీ-డబ్ల్యూఆర్‌టీ వాళ్లు 2 ఎంబీలో పట్టే మైక్రో ఫర్మ్‌వేర్ ఒకటి తయారుచేశారు గానీ, పట్టించడం కోసం ఎన్నో వసతులు వదులుకోవలసి వచ్చింది. గిరాకీ చూసిన లింక్‌సిస్ పాత నాలుగో వెర్షన్ హార్డ్‌వేర్‌నే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో మళ్లీ అమ్మింది. చివరి ఎల్ లినక్స్ కోసం. వేగం సంగతి చూస్తే అంతకంటే ఎన్నో రెట్లు మెరుగైన రౌటర్లు వచ్చాక, 2016లో కూడా అది అమ్ముడుపోతూనే ఉంది. జనం డబ్బు పెట్టింది వేగానికి కాదు, తలుపు తీసి ఉన్నందుకు. ఈ రంగంలో ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించదు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో ఇంటింటా కనిపించిన టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్‌నే తీసుకోండి. పన్నెండో వెర్షన్‌లో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. పదమూడులో రెండూ రెట్టింపై 8, 64 అయ్యాయి. పద్నాలుగులో మళ్లీ 4, 32కు దిగిపోయాయి. 2021లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 21.02 నుంచి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ కావాలి. కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కళ్లు మూసుకుని పద్నాలుగు కొంటే పని జరగదు. కొత్తగా కొనేవాళ్లు 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్‌కు తక్కువ తీసుకోకపోవడం మంచిది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు తాను నడిచే పరికరాల పట్టికను వెర్షన్ల వారీగా నిర్వహిస్తోంది. ముందు ఆ పట్టిక, ఆ తర్వాతే దుకాణం.

మెమరీ తర్వాత చూడాల్సింది వైఫై చిప్ ఎవరిదన్నది. బ్రాడ్‌కామ్ తన వైఫై డ్రైవర్ సోర్స్ కోడ్ ఇవ్వలేదు, కంపైల్ చేసిన ఫైలు మాత్రమే ఇచ్చింది. అది పాత 2.4 లినక్స్ కెర్నల్‌కు తప్ప అతకదు. అందుకే అంత పేరున్న డబ్ల్యూఆర్‌టీ54జీ కూడా ఏళ్ల తరబడి ఆ పాత కెర్నల్‌కే అతుక్కుపోయింది. 2008లో అథెరోస్ తన ఎన్-తరం చిప్‌లకు ఏటీహెచ్9కే అనే ఓపెన్ డ్రైవర్ విడుదల చేశాక పరిస్థితి మారింది. ఇప్పుడు మీడియాటెక్ చిప్‌లకు ఎంటీ76 డ్రైవర్ ఉంది. దాన్ని ముందుండి రాసినవాడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ముఖ్యుల్లో ఒకరైన ఫెలిక్స్ ఫియెట్‌కావ్. ఒకే ధరలో రెండు రౌటర్లుంటే, నేను మీడియాటెక్ చిప్ ఉన్నదాన్నే తీసుకోమంటాను.

ఇంత శ్రమ ఎందుకంటే, నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కారణం ‘బఫర్‌బ్లోట్’. ఇంట్లో ఒకరు పెళ్లి వీడియోలు క్లౌడ్‌కు ఎక్కిస్తుంటారు. అదే సమయంలో డాలస్‌లో ఉన్న కూతురితో అమ్మ వీడియో కాల్‌లో ఉంటుంది. మాట తెగిపోతుంది, బొమ్మ బిగుసుకుపోతుంది. ప్లాన్ పెద్దదే, అయినా ఇంతే. కారణం రౌటర్‌లోనూ మోడెమ్‌లోనూ ప్యాకెట్లు వరసలో వేచి ఉండే బఫర్ మరీ పెద్దదిగా ఉండటం. టోల్‌గేట్ దగ్గర ఒకే లైనులో వంద లారీల వెనక ఇరుక్కున్న బైకులా, కాల్ తాలూకు చిన్న ప్యాకెట్లు ఆ పెద్ద ఫైలు వెనక నిలబడిపోతాయి. జిమ్ గెటిస్ ఈ జబ్బుకు పేరు పెట్టి 2010 ప్రాంతంలో లోకం దృష్టికి తెచ్చాడు. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్‌సన్ ‘కోడెల్’ అనే పద్ధతి ప్రతిపాదించారు. క్యూ ఎంత పొడవుందని కాకుండా, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో అది కొలుస్తుంది. ఆలస్యం అదే పనిగా హద్దు దాటితే కొన్ని ప్యాకెట్లను వదిలేస్తుంది. అవతల పంపుతున్న కంప్యూటర్ దాన్ని గమనించి జోరు తగ్గిస్తుంది. దీనికి ప్రవాహాల వారీ వరసలు జోడిస్తే ఎఫ్‌క్యూ-కోడెల్ అయింది. డేవ్ టాట్, ఆయన మిత్రులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నుంచే పుట్టిన సెరోడబ్ల్యూఆర్‌టీలో నెట్‌గేర్ రౌటర్ల మీద దీన్ని నడిపి, కొలిచి, సరిదిద్దారు. జనం చేతుల్లో కోడ్ లేకపోతే ఆ ప్రయోగాలు చేయడానికి చోటే ఉండేది కాదు. 2025లో కన్నుమూసిన డేవ్ టాట్‌కు మన వీడియో కాల్స్ ఎంతో రుణపడి ఉన్నాయి.

భద్రత సంగతీ ఉంది. 2018లో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాలకు సోకింది, అందులో ఎక్కువ రౌటర్లే. రెండు మూడేళ్లకు కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌కు కొత్త కెర్నల్ ఇచ్చేవాళ్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి ప్రాజెక్టుల్లోని స్వచ్ఛంద ప్రోగ్రామర్లే.

ఇక ఫర్మ్‌వేర్ వేసుకునే విషయానికొస్తే, ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు ప్రొవైడర్ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ మోడెమ్) డబ్బాను ముట్టుకోకండి. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి కనెక్షన్ మాత్రమే అందించేలా, పెట్టమని అడిగి, వెనక మీ రౌటర్ తగిలించుకోండి. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు (ఫ్లాష్ చేసేటప్పుడు) లాప్‌టాప్‌ను వైఫైతో కాక లాన్ కేబుల్‌తో కలపాలి. మధ్యలో కరెంటు పోతే రౌటర్ బ్రిక్ అయ్యే, అంటే ఇటుకలా పనికిరాకుండా పోయే, ప్రమాదం ఉంది కనుక ఇన్వర్టర్ మీద ఉంటే మేలు. ఫర్మ్‌వేర్ వేశాక వైఫై సెట్టింగుల్లో దేశం ఇండియా అని పెట్టాలి. ఇది లాంఛనం కాదు. ఏ ఛానెల్‌లో ఎంత పవర్‌తో ప్రసారం చేయవచ్చో దాన్నిబట్టే ఉంటుంది. అమెరికాలో 2016లో టీపీ-లింక్ 2 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది ఈ దేశం సెట్టింగు వల్ల పవర్ హద్దు దాటే వీలున్నందుకే. ఆ ఒప్పందంలోనే, ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌కు వీలు కల్పించేలా పనిచేస్తామని కూడా ఆ కంపెనీ ఒప్పుకుంది.

2024 నవంబరులో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కలిసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్ విడుదల చేశాయి. బనానా పై సంస్థ తయారీ, మీడియాటెక్ చిప్, 1 జీబీ ర్యామ్, ధర 89 డాలర్లు. ఫ్లాష్ చిప్‌లు రెండు. ఒకదాంట్లోది పాడైతే, చిన్న స్విచ్ జరిపి రెండోదాన్నుంచి మొదలుపెట్టి మొదటిదాన్ని బాగుచేసుకోవచ్చు. పాత రౌటర్లలో అలాంటి మరమ్మతుకు తరచు డబ్బా విప్పి, బోర్డు మీద సన్నటి తీగలు సోల్డరింగ్ చేయాల్సి వచ్చేది. ఇందులో సీరియల్ కన్సోల్ కోసం ముందువైపే యూఎస్‌బీ-సీ పోర్టు పెట్టారు. నెట్‌వర్కింగ్ మీద ఆసక్తి ఉన్న ఇంజినీరింగ్ పిల్లలకు ఏదైనా కొనిపెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే, పాడుచేస్తారన్న భయం లేకుండా చేతికివ్వొచ్చు.