టెక్సాస్ గవర్నర్‌ను కట్టడి చేసిన రాజ్యాంగం

అమెరికాలో 50 రాష్ట్రాలకూ సొంత రాజ్యాంగాలున్నాయి. గవర్నర్‌ను కేంద్రం పంపదు. ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. ఆ గవర్నర్‌కు ఎంత అధికారం ఇవ్వాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. అక్కడే రాజకీయ సంస్కృతి (ప్రభుత్వం ఏం చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నదానిపై సమాజంలో పాతుకుపోయిన అభిప్రాయం) బయటపడుతుంది. డాలస్, హ్యూస్టన్‌ల వల్ల ఎన్నో తెలుగు కుటుంబాలకు పరిచయమైన టెక్సాస్‌నే చూద్దాం.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. తర్వాత వచ్చిన 1869 రాజ్యాంగం గవర్నర్‌కు విస్తృత అధికారాలిచ్చింది. ఆ పదవిలోకి వచ్చిన ఎడ్మండ్ డేవిస్ అధికారులను తానే నియమించారు. రాష్ట్ర పోలీసు దళం ఏర్పడింది. అందులో నల్లజాతివారూ ఉండటం చాలామంది శ్వేతజాతీయులకు కంటగింపైంది. పన్నులు పెరిగాయన్న కోపం దానికి తోడైంది. 1873 ఎన్నికల్లో డేవిస్ ఓడారు. 1876లో మరో రాజ్యాంగం వచ్చింది. వందల సవరణలతో నేటికీ అమల్లో ఉన్నది అదే. టెక్సాస్ వాళ్లకు స్వేచ్ఛ ఇష్టం కాబట్టి ఇలా రాసుకున్నారని సరిపెట్టుకుంటే చరిత్రలో సగం వదిలేసినట్టే.

మళ్లీ ఒక్కరి చేతిలో అధికారం పోగుపడకుండా దాన్ని ముక్కలు చేశారు. లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, కంప్ట్రోలర్ (రాష్ట్ర ఆదాయ వ్యయాల లెక్క చూసే అధికారి) వేర్వేరుగా ఎన్నికవుతారు. వీళ్లను గవర్నర్ తొలగించలేరు. పైగా సెనేట్‌కు అధ్యక్షత వహించేది లెఫ్టినెంట్ గవర్నరే. ఏ బిల్లు కదలాలో, ఏది ఆగాలో చాలావరకు ఆయన చేతిలో ఉంటుంది. 1995లో జార్జ్ బుష్ గవర్నర్ అయ్యేసరికి ఆ కుర్చీలో ప్రత్యర్థి పార్టీకి చెందిన బాబ్ బులక్ ఉన్నారు. ఆయన్ను కలుపుకుని పోతే తప్ప బుష్‌కు పని జరగదు.

శాసనసభనూ అంతే అనుమానంతో చూశారు. అది రెండేళ్లకోసారి, 140 రోజులకు మించకుండా సమావేశమవుతుంది. సభ్యుల జీతం నెలకు 600 డాలర్లు. సమావేశాల రోజుల్లో భత్యం అదనం. వేరే సంపాదన లేనివారికి ఈ పదవి భారమే. బడ్జెట్ కూడా రెండేళ్లకు ఒకేసారి రాసుకోవాలి. మధ్యలో అవసరం పడితే ప్రత్యేక సమావేశం పిలిచేది గవర్నరే, అందులో ఏం చర్చించాలో నిర్ణయించేదీ గవర్నరే.

అందుకే కట్టడి పూర్తిగా పనిచేయలేదు. పైగా విశ్వవిద్యాలయాలు సహా అనేక సంస్థలను నడిపేది బోర్డులు. సెనేట్ ఆమోదంతో వాటి సభ్యులను గవర్నర్ నియమిస్తారు. సాధారణంగా వారి పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది మారతారు. ఒక్క విడత పాలించే గవర్నర్ ఆ బోర్డులను పూర్తిగా తన వారితో నింపలేరు. కానీ ఇన్నిసార్లే గెలవాలన్న పరిమితి టెక్సాస్ పెట్టుకోలేదు. రిక్ పెర్రీ 2000 నుంచి 2015 వరకు గవర్నర్‌గా ఉన్నారు. ఆయన దిగిపోయేనాటికి ఆ బోర్డులన్నీ దాదాపుగా ఆయన నియమించినవారితోనే నిండిపోయాయి.