జ్ఞాపకంలో నిలిచే స్వరాలు

పాశ్చాత్య సంగీత వాద్యాలలో పియానోకు ప్రత్యేకమైన స్థానం ఉంది. ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలోమియో క్రిస్టోఫోరి అనే వాద్య నిర్మాత సుమారు 1700 ప్రాంతంలో దీనిని రూపొందించాడు. పియానో మీటల వరుస చూడటానికి హార్మోనియం మీటల వరుసలాగే ఉంటుంది. కాని రెండూ పనిచేసే తీరు వేరు. హార్మోనియంలో గాలి వల్ల నాదం పుడుతుంది. పియానోలో మీటను నొక్కగానే లోపలి చిన్న సుత్తి లేచి, బిగించిన తీగను తాకుతుంది. నేటి పియానోలో 52 తెల్లని మీటలు, 36 నల్లని మీటలు, మొత్తం 88 మీటలు ఉంటాయి. వాయించేటప్పుడు రెండు చేతులూ వేరు వేరు పనులు చేస్తుంటాయి. ఒక్కొక్కసారి నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగుతాయి.

పెద్ద కచేరీలలో పియానో విద్వాంసుడు వేదిక మీదికి వచ్చి, నమస్కరించి, వాద్యం ముందు కూర్చుంటాడు. చాలాసార్లు ఆయన ముందు స్వరలిపి కాగితం ఒక్కటి కూడా ఉండదు. అరగంట సేపు సాగే రచననైనా ఆయన చూడకుండా వాయిస్తాడు. వేల కొద్దీ స్వరాలలో ఏది ఎప్పుడు, ఏ వేలితో, ఎంత బలంగా పలకాలో ఆయనకు తెలిసి ఉండాలి. ఇది పుట్టుకతో వచ్చే వరమా? అభ్యాసంతో అలవడే విద్యా? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే సంగీతానికే కాక, ప్రతి చదువుకూ పనికివచ్చే సంగతులు కొన్ని తెలుస్తాయి.

చూడకుండా వాయించడం మొదటినుంచీ ఉన్న ఆచారం కాదు. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజులలో విద్వాంసులు సాధారణంగా స్వరలిపిని ఎదుట పెట్టుకొనే వాయించేవారు. ఈ పద్ధతిని మార్చినవారిలో క్లారా వీక్ ముఖ్యురాలు. ఈమె 1819లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో జన్మించింది. తరువాత స్వరకర్త రాబర్ట్ షూమన్‌ను వివాహమాడి క్లారా షూమన్‌గా ప్రసిద్ధి పొందింది. 1837లో, పదిహేడేళ్ల వయసులో, ఆమె బెర్లిన్ నగరంలో బీథోవెన్ రచనను పుస్తకం లేకుండా వాయించింది. శ్రోతలు ఆశ్చర్యపోయారు. కొందరు మాత్రం అది గర్వానికి గుర్తు అన్నారు. స్వరకర్త రాసినదానిని ఎదుట ఉంచుకొని వాయించడమే వినయమని వారి అభిప్రాయం. అదే కాలంలో హంగేరీ దేశీయుడైన ఫ్రాంజ్ లిస్ట్ కూడా పుస్తకం చూడకుండా వాయించి యూరప్ అంతటా పేరు పొందాడు. క్రమంగా ఒకప్పటి సాహసం నియమంగా మారిపోయింది.

దీనికి ఒక ఉపయోగం కూడా ఉంది. పియానో వాయించేవారికి రెండు చేతులూ తీరిక లేకుండా ఉంటాయి. పుట తిప్పాలంటే ఒక చేయి మీటల మీది నుంచి తీయాలి. లేకపోతే పుటలు తిప్పడానికి పక్కన మరొకరు కూర్చోవాలి. రచన మనసులోనే ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. విద్వాంసుడి దృష్టి అంతా నాదం మీద నిలుస్తుంది.

ఒక రచన జ్ఞాపకం ఉన్నదంటే అది నాలుగు విధాలుగా జ్ఞాపకం ఉండవచ్చు. మొదటిది వేళ్ల జ్ఞాపకం. ఒకే కదలికను అనేకసార్లు చేయగా చేయగా, ఆలోచించకుండానే వేళ్లు కదులుతాయి. సైకిలు తొక్కడం, సంతకం చేయడం ఇటువంటివే. రెండవది చెవి జ్ఞాపకం. తరువాత వచ్చే స్వరం ముందుగానే మనసులో వినిపిస్తుంది. మూడవది కంటి జ్ఞాపకం. స్వరలిపి పుట ఎలా ఉందో, చేతులు మీటల మీద ఎక్కడ ఉంటాయో కళ్లకు కట్టినట్లు ఉంటుంది. నాలుగవది బుద్ధి జ్ఞాపకం. రచన ఎక్కడ మొదలై ఎటు వెళ్లింది, ఏ భాగం మళ్లీ వచ్చింది, రెండవసారి వచ్చినప్పుడు ఏమి మారింది అనే తెలివిడి ఇది.

వీటిలో వేళ్ల జ్ఞాపకం అందరికంటే ముందు వస్తుంది, కష్టసమయంలో అందరికంటే ముందు వదిలిపోతుంది. అది గొలుసు వంటిది. ఒక కదలిక తరువాతి కదలికను లాక్కొని వస్తుంది. ఒక్క లంకె తెగితే గొలుసంతా జారిపోతుంది. ఇంట్లో వందసార్లు తప్పు లేకుండా వాయించినవారు సభలో ఒక్కసారిగా ఆగిపోవడానికి కారణం ఇదే. సభలో గుండె వేగంగా కొట్టుకుంటుంది. చేతులు చల్లబడతాయి. అంతవరకూ తమంతట తాము కదిలిన వేళ్ల మీదికి మనసు మళ్లుతుంది. ‘తరువాత ఏమిటి?’ అనే ప్రశ్న పుడుతుంది. వేళ్లకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. బుద్ధికి తెలిసి ఉంటేనే వాయిద్యం ముందుకు సాగుతుంది. అటువంటివారు మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టగలరు కాని, ఆగిన చోటినుంచి అందుకోలేరు.

బుద్ధితో గుర్తుంచుకోవడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. పది అంకెల ఫోను నంబరును విడివిడి అంకెలుగా గుర్తుంచుకోవడం కష్టం. మూడు నాలుగు గుంపులుగా విడదీస్తే తేలిక. ఒకేసారి మనసులో నిలుపుకోగలిగే విషయాలు సుమారు ఏడు మాత్రమేనని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జి మిల్లర్ 1956లో వివరించాడు. అయితే ఆ ఒక్కొక్క విషయం చిన్న అంకె కావచ్చు, పెద్ద గుంపూ కావచ్చు. గుంపులు కట్టడం తెలిసినవారికి జ్ఞాపకశక్తి పెరిగినట్లే ఉంటుంది.

జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1722లో ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ అనే రచనల సంపుటిని పూర్తిచేశాడు. అందులోని మొదటి రచన పియానో విద్యార్థులందరికీ పరిచయమైనదే. తాళంలో ఆవర్తం వంటి చిన్న భాగాన్ని పాశ్చాత్య సంగీతంలో బార్ అంటారు. ఈ రచనలో 35 బార్లు ఉన్నాయి. మొదటి 32 బార్లలో ఒక్కొక్కదానికి 16 స్వరాల చొప్పున మొత్తం 512 స్వరాలు వస్తాయి. వీటిని ఒక్కొక్కటిగా గుర్తుంచుకోవడం ఎవరికైనా భారమే. కాని కొంచెం పరిశీలిస్తే ఆ భారం తగ్గుతుంది. మొదటి బార్‌ను మన స్వరాలలో చెబితే ‘స గ ప స గ ప స గ’ అని ఎనిమిది స్వరాలు వచ్చి, మళ్లీ అవే ఎనిమిది వస్తాయి. ఆ ఎనిమిదిలో కూడా చివరి మూడు స్వరాలు అంతకుముందు వచ్చిన మూడే. అంటే గుర్తుంచుకోవలసినవి అయిదు స్వరాలే. తరువాతి బార్లు కూడా ఇదే అచ్చులో పోసినట్లు ఉంటాయి. స్వరాలు మారతాయి గాని వరుస మారదు. కాబట్టి 512 స్వరాలకు బదులు 32 గుంపులు తెలిస్తే చాలు.

ఇంకా పరిశీలిస్తే గుంపుల మధ్య సంబంధం కూడా కనబడుతుంది. నాలుగవ బార్ మొదటి బార్ లాగే ఉంటుంది. రచన ఇంటినుంచి బయలుదేరి, కొద్ది దూరం నడిచి, మళ్లీ గుమ్మంలోకి వచ్చినట్లు అనిపిస్తుంది. 24వ బార్ నుంచి 31వ బార్ వరకు ఎనిమిది బార్లలోనూ అన్నిటికంటే కింది స్వరం పంచమమే. చివరి నాలుగు బార్లలో కింది స్వరం షడ్జమే. ఈ సంగతి తెలిసిన విద్యార్థికి, రచన ముగింపుకు దగ్గరవుతున్నదని ఎడమచేతి వేలే చెబుతుంది. తెలియని విద్యార్థికి ఆ పన్నెండు బార్లూ ఒకదాని వంటిది ఒకటిగా కనబడి తికమక పెడతాయి.

అనుభవజ్ఞులు ఈ విధంగా పరిశీలించే పనిని వాద్యం ముట్టకముందే మొదలుపెడతారు. వాల్టర్ గీసెకింగ్ అనే ప్రసిద్ధ విద్వాంసుడు, ఆయన గురువు కార్ల్ లైమర్ ఈ పద్ధతిని 1930ల తొలినాళ్లలో ఒక పుస్తకంలో వివరించారు. స్వరలిపిని నిదానంగా చదివి, దాని నిర్మాణాన్ని అర్థం చేసుకొని, మనసులోనే వింటూ నేర్చుకోవాలి. ఆ తరువాతనే మీటల మీద చేతులు పెట్టాలి. ఇలా చేస్తే వేళ్లు నేర్చుకోవడానికి ముందే బుద్ధి నేర్చుకుంటుంది.

వాద్యం దగ్గర కూర్చున్న తరువాత కూడా కొన్ని నియమాలు ఉన్నాయి. రచనను చిన్న భాగాలుగా విడదీయాలి. ప్రతి భాగం మొదటి స్వరాన్ని ఒక మైలురాయిగా పెట్టుకోవాలి. ఏ మైలురాయి పేరు చెప్పినా అక్కడినుంచి వాయించగలగాలి. చివరి భాగాన్ని ముందుగా నేర్చుకొని, క్రమంగా మొదటికి రావడం కూడా మంచిది. అప్పుడు వాయిస్తున్నకొద్దీ బాగా తెలిసిన చోటికే చేరుకుంటారు. ఎడమచేతి భాగాన్ని విడిగా, చూడకుండా వాయించి చూసుకోవాలి. కుడిచేతి రాగం చెవికి తేలికగా అందుతుంది. ఎడమచేతి భాగం దాని చాటున దాగి ఉంటుంది. చాలామంది తడబడేది అక్కడే.

అన్నిటికంటే గట్టి పరీక్ష నెమ్మదిగా వాయించడం. వేగంగా వాయించేటప్పుడు అలవాటు చేతులను నడిపిస్తుంది. చాలా నెమ్మదిగా వాయిస్తే ఆ ఊపు ఉండదు. ప్రతి స్వరానికీ ముందు ఆలోచించవలసి వస్తుంది. నిజంగా తెలిసినది ఏదో, తెలుసు అనుకున్నది ఏదో అప్పుడు తేటపడుతుంది. తప్పు జరిగిన చోట పుస్తకం తెరిచి చూసి, మళ్లీ మూసి వాయించాలి. ఊరికే పదిసార్లు చూస్తూ వాయించడం కంటే, జ్ఞాపకం నుంచి పైకి తెచ్చుకోవడానికి చేసే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

అభ్యాసాన్ని రోజులలో పంచుకోవడం కూడా అవసరం. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసి, మరపు గురించి 1885లో ఒక గ్రంథం ప్రకటించాడు. నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం మొదటి గంటలలోనే చెదిరిపోతుందని, ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని ఆయన కనుగొన్నాడు. ఒకే రోజు మూడు గంటలు కూర్చోవడం కంటే, ఆరు రోజులు అరగంట చొప్పున సాధన చేయడం మేలు. మధ్యలో పట్టే నిద్ర కూడా నేర్చినదానిని స్థిరపరుస్తుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

కొందరికి చూడకుండా వాయించడం తప్ప వేరే మార్గం లేదు. చూపు లేనివారికి లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ స్వయంగా ఆర్గన్ వాద్యకారుడు. 1829లో ప్రకటించిన తన పద్ధతిలో ఆయన సంగీతం రాసుకోవడానికి కూడా ఏర్పాటు చేశాడు. కాని ఆ చుక్కలను వేళ్లతో తడిమి చదవాలి. చదివే చేయి వాయించలేదు. అందుచేత ఒక్కొక్క చేతి భాగాన్ని విడిగా చదివి, కంఠస్థం చేసి, తరువాత కలుపుకోవాలి. జపాన్ దేశంలో 1988లో పుట్టిన నొబుయుకి ట్సుజీకి పుట్టుకతోనే చూపు లేదు. ఇతరులు ఒక్కొక్క చేతి భాగాన్ని విడివిడిగా వాయించి రికార్డు చేసి ఇస్తే, అతడు వాటిని విని నేర్చుకుంటాడు. 2009లో అమెరికాలో జరిగిన వాన్ క్లైబర్న్ పియానో పోటీలో అతడు మరొక విద్వాంసునితో కలిసి స్వర్ణపతకం అందుకున్నాడు. ఆ పోటీలో చూపు లేని వ్యక్తి స్వర్ణపతకం పొందడం అదే మొదటిసారి.

భారతదేశంలో కూడా జ్ఞాపకాన్ని కాపాడే పద్ధతులు ప్రాచీన కాలం నుంచి ఉన్నాయి. వేదం నేర్చుకొనేవారు పదాలను వరుసగా వల్లించడంతో ఆగరు. జటాపాఠంలో మొదటి పదం, రెండవ పదం చెప్పి, వాటినే తిరగేసి, మళ్లీ వరుసగా చెబుతారు. ఏ పదానికి ముందు ఏది, వెనుక ఏది అన్నది ఇలా స్థిరపడుతుంది. ఏ మైలురాయి నుంచైనా మొదలుపెట్టగల పియానో విద్యార్థి సాధన కూడా ఇటువంటిదే. తమిళనాడులోని తిరువయ్యారులో త్యాగరాజస్వామి పాడిన తెలుగు కృతులు కూడా శిష్యుల కంఠాలలోనూ, వారు రాసుకున్న ప్రతులలోనూ నిలిచి నేటివరకు వచ్చాయి.

ఎంత సాధన చేసినా పొరపాటు రాదని ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది కూడా నేర్చుకోవలసిన విద్యే. 1990ల చివరలో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో పోర్చుగల్ విద్వాంసురాలు మరియా జువావ్ పిరేష్ మోజార్ట్ రచన వాయించడానికి వేదిక మీద కూర్చుంది. వాద్యబృందం మొదలుపెట్టగానే ఆమె నిర్ఘాంతపోయింది. ఆమె సిద్ధపడి వచ్చిన రచన వేరు, వారు వాయిస్తున్నది వేరు. బృందాన్ని నడిపిస్తున్న రికార్డో షాయీకి ఆ మాట చెప్పింది. ఆయన చిరునవ్వుతో ధైర్యం చెప్పి, బృందాన్ని ఆపకుండా నడిపించాడు. పియానో ప్రవేశించడానికి ముందు రెండు నిమిషాలకు పైగా వ్యవధి ఉంది. ఆ వ్యవధిలోనే ఆమె లోగడ వాయించి ఉన్న ఆ రచనను మనసులోకి తెచ్చుకొని, సమయానికి అందుకొని వాయించింది. పునాది గట్టిగా ఉన్న జ్ఞాపకం మాత్రమే ఇలా పిలవగానే పలుకుతుంది.

చూడకుండా వాయించడమే గొప్ప అనుకోవడం కూడా సరికాదు. ఇరవయ్యో శతాబ్దపు మహా విద్వాంసులలో ఒకరైన రష్యా దేశీయుడు స్వ్యాతస్లావ్ రిక్టర్ చివరి సంవత్సరాలలో స్వరలిపిని ఎదుట ఉంచుకొనే వాయించాడు. దానివల్ల ఆయన సంగీతానికి లోటు రాలేదు. శ్రోతలకు కావలసినది సంగీతం. పుస్తకం ఉన్నా లేకపోయినా ఆ సంగీతం వాయించేవారి మనసులో ఉండాలి.

పద్యాన్ని కంఠస్థం చేసే విద్యార్థికీ ఈ సంగతులన్నీ వర్తిస్తాయి. అర్థం తెలియకుండా వల్లించిన పద్యం పెదవులకు మాత్రమే వస్తుంది. మధ్యలో ఒక మాట జారితే మళ్లీ మొదటికి పోవలసిందే. అర్థం, అన్వయం, యతిప్రాసలు తెలిసి నేర్చుకున్నవారికి మరచిన మాటను ఆ పద్యమే అందిస్తుంది. నెమ్మదిగా చదవడం, భాగాలుగా విడదీయడం, పుస్తకం మూసి తనను తాను పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి మళ్లీ చూసుకోవడం ఎవరైనా చేయగల పనులే. వాటికి పియానో అవసరం లేదు. ఓపిక ఉంటే చాలు.