ఖనిజ ధూళి వ్యాధులు: కోడు ఎంపికలో వృత్తి చరిత్ర

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర నివసించే 48 ఏళ్ల కళాసీ కేసు షీటు మీ ముందు ఉందనుకోండి. మార్కెట్లో బస్తాలు మోయడానికి ముందు అతడు 15 ఏళ్లు రాళ్ల క్రషర్‌లో పనిచేశాడు. డిశ్చార్జి కాగితంలో వైద్యుడు ‘సిలికోసిస్, ఊపిరితిత్తుల క్షయ’ అని రాశారు. మీరు వేయవలసిన కోడు ఏది?

ముందు వ్యాధి సంగతి చూద్దాం. రాయి పగిలినప్పుడు లేచే ధూళిలో కంటికి కనబడని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా చేరతాయి. వాటిని మింగిన రక్షక కణాలు దెబ్బతిని చనిపోతాయి. క్రమంగా అక్కడ గట్టి మచ్చలు ఏర్పడతాయి. పని మానేసినా ఇవి ముదరవచ్చు. క్షయ క్రిములను అదుపు చేసేవి కూడా ఈ కణాలే కాబట్టి సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ.

ఐసీడీ-10లో ఈ వ్యాధులకు జె60 నుంచి జె65 వరకు కోడులున్నాయి. సింగరేణి వంటి బొగ్గు గనుల కార్మికులకు వచ్చేది జె60. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చేది జె61. సిలికా అయితే జె62. అందులో టాల్క్ ధూళికి జె62.0, మిగిలిన సిలికా ధూళికి జె62.8. వెల్డర్లలో కనిపించే సిడరోసిస్ జె63.4. ఏ ధూళో చెప్పకుండా ‘న్యూమోకోనియోసిస్’ అని మాత్రమే ఉంటే జె64.

మన కళాసీకి జె62.8 సరిపోదు, ఒక్క క్షయ కోడూ సరిపోదు. న్యూమోకోనియోసిస్‌తో క్షయ కలిస్తే కోడు జె65. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. బొగ్గయినా సిలికా అయినా జె65 ఒకటే; కోడును చూసి ధూళిని గుర్తించలేం. అందుకే ‘సిలికోసిస్’ అన్న మాటా, క్రషర్ వివరమూ రికార్డులో ఉన్నవి ఉన్నట్లే నిలవాలి.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలు సిలికోసిస్‌ను వృత్తి వ్యాధుల్లో చేర్చింది. సిలికోసిస్, క్షయ కలిసిన స్థితిని కూడా చేర్చింది, కానీ అశక్తతకో మరణానికో సిలికోసిస్ ముఖ్య కారణమై ఉండాలన్న షరతు పెట్టింది. రికార్డులో క్షయ ఒక్కటే మిగిలితే ఆ కుటుంబం రేపు ఏం చూపించగలదు?

పొరపాటు ఇంకో వైపు నుంచీ జరగవచ్చు. పోర్టు బొగ్గు ధూళి గురించి విశాఖ పాత నగరవాసులు ఎన్నాళ్లుగానో ఫిర్యాదు చేస్తున్నారు. అయినా పూర్ణా మార్కెట్ చిరునామానూ దగ్గునూ చూసి జె60 వేయకూడదు. వ్యాధి నిర్ధారణ వైద్యుడి పని. ఎక్స్‌రేలో మచ్చలున్నా ఆయన వ్యాధి పేరు రాయకపోతే మీరు ఊహించకండి, రాతపూర్వకంగా అడగండి. ‘ఇది సిలికోసిసేనా?’ అని జవాబును అందించే ప్రశ్న వేయవద్దు. ‘ఎక్స్‌రేలోని మార్పులకు కారణం తెలపగలరా?’ అని రాయండి.

వృత్తి గడిలో ‘కూలీ’ అని మాత్రమే ఉంటే నా దృష్టిలో అది ఖాళీ గడే. ఏ కూలి పని, ఎక్కడ, ఎన్నేళ్లు, అంతకు ముందు ఏ పని అన్నవి రోగి వార్డులో ఉండగానే కనుక్కొని రాయించండి.