పాత అల్యూమినియం పడవను బాగుచేసుకొనుట

పెద్దారవీడు, మార్కాపురం, కంభం ప్రాంతములు మెట్టసీమ. అయినను చేపల వేట ఇక్కడ క్రొత్త కాదు. గుండ్లకమ్మపై గల కంభం చెరువు 16వ శతాబ్ది నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల సాగర్ కొరకు సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లకు ఆనకట్టలు కట్టిరి. ఇట్టి నీళ్లలో పుట్టి, తెప్పలే మనకు అలవాటు. ఎవరైన పాత అల్యూమినియం పడవను చౌకగా తెచ్చుకొన్నచో, నీట దింపుటకు ముందు చేయవలసిన పని కొంత గలదు.

కొనుటకు ముందే అడుగు రేకును బొటనవ్రేలితో గట్టిగా నొక్కి చూడవలెను. రేకు లోనికి వంగుచు, గుంటలు పడి తెల్లని పొడి రాలుచున్నచో అది పడవ కాదు, పాత సామాను. తూకపు వెలకు మించి ఇవ్వరాదు.

రేకు గట్టిదైనచో పడవను నాలుగైదు దుంగలపై నిలిపి లోపల బెత్తెడు లోతు నీరు పోయుడు. బయట చెమ్మ కనబడిన చోటనెల్ల సుద్దతో గుర్తు పెట్టుడు. నిండుగా పోయరాదు, ఘనపుటడుగు నీరు 28 కిలోలు తూగును, ఆ బరువుకు అతుకులు విచ్చుకొనును.

కారుట సాధారణముగా రివెట్ల వద్దనే. ఒకరు బయట రివెట్టు తలకు బరువైన ఇనుప దిమ్మెను ఆనించి పట్టగా, మరియొకరు లోపలి కొసను సుత్తితో మెల్లగా కొట్టిన బిగియును. బిగియనిదానిని తొలచి తీసి అల్యూమినియం రివెట్టే వేయవలెను. ఇనుప బోల్టు, రాగి తీగ పనికిరావు. తడిలో రెండు లోహములు తాకినచోట అల్యూమినియమే తినివేయబడును. చీలిక యున్నచో దాని రెండు కొసల చిన్న రంధ్రములు తొలచినగాని అది ప్రాకుట ఆగదు. పిమ్మట అంతే మందముగల రేకుతో, నడుమ రబ్బరువంటి సీలంటు పూసి, అతుకు వేయవలెను. నాగళ్లు అతికే మామూలు వెల్డింగుకు ఈ రేకు నిలువదు. ఆర్గాన్ వాయువుతో అతికే పనివాడు కావలెను.

రైతులు మరువరానిదొకటి గలదు. మైలుతుత్తము, బోర్డో మిశ్రమము, సున్నము ఈ పడవలో ఎన్నడును వేయరాదు. తుత్తములోని రాగి రేకును తూట్లు పొడుచును. చాకలిసోడాతో కడుగుటయు తప్పే.

వలలు చిక్కుకొనకుండ అంచునకు నిలువుగా చీల్చిన రబ్బరు గొట్టమును తొడిగిన చాలును. చోటు కొరకు నడిమి బల్లను తీసివేయువారు కలరు. అది కూర్చుండుటకే కాదు, రెండు ప్రక్కలను పట్టియుంచు అడ్డదూలము; తీయరాదు.

నీరు నిండిన అల్యూమినియం పడవ మునుగును. నూరు కిలోల పడవ నీటిలో సుమారు 63 కిలోలు తూగును. ఒక ఘనపుటడుగు థర్మోకోల్ సుమారు 27 కిలోలను తేల్చును. కావున పడవకే మూడు ఘనపుటడుగులు కావలెను, పట్టుకొని వ్రేలాడు మనుష్యులకు మరికొంత. దానిని అడుగున గాక బల్లల క్రింద ఇరుప్రక్కల బిగించవలెను. లేనిచో పడవ తలక్రిందులగును. పెట్రోలు తగిలిన థర్మోకోల్ కరగిపోవును, కావున మూసి యుంచవలెను. తేలు చొక్కాలు వేరుగా కొనవలసినవే.

చెరువు ఎండిన నెలలలో పడవను బోర్లించి, నేల తగులకుండ కొయ్య దుంగలపై, నీడన ఉంచుడు.