తాత్కాలిక నీరు (గోల్ఫ్)
గోల్ఫ్ మైదానముపై వానకు నిలిచే నీటిని ఆ ఆట నియమావళిలో '''తాత్కాలిక నీరు''' అంటారు. 2018 వరకు దీని పేరు క్యాజువల్ వాటర్. బంతి అందులో పడినా, ఆటగాడు నిలబడే చోట నీరు పైకి కనిపించినా, జరిమానా లేకుండా బంతిని పొడి చోటికి మార్చుకోవచ్చును. అయితే ఆ చోటు హోలుకు మరింత దగ్గర కాకూడదు. నేల బురదగా ఉన్నంత మాత్రాన చాలదు. పాదముతో గట్టిగా అదిమి నీరు రప్పించుట చెల్లదు. ఇసుక గుంట (బంకరు) నిండితే నియమము కఠినమే: బంతిని గుంట వెలుపలికి తెచ్చుకుంటే ఒక స్ట్రోకు జరిమానా.

బ్రిటన్‌లో 1910 నుండి ఉన్న లెక్కల ప్రకారము 2013-14 శీతాకాలము అప్పటికి అత్యధిక వర్షపాతము గలది. అటువంటి ఋతువులో సముద్రతీరపు ఇసుక నేలలు త్వరగా ఆరతాయి, బంకమట్టి నేలలు ఆరవు. నానిన నేలను తొక్కితే మట్టి గట్టిపడి గడ్డి వేళ్ళకు గాలి అందదు. అందువలన అసలు గ్రీన్‌లను మూసి, పక్కన తాత్కాలిక గ్రీన్‌లు ఏర్పాటు చేస్తారు.