షియాన్‌లో అమరావతి ముచ్చట

చైనా అంటే బీజింగ్, షాంఘై చూసి వచ్చేసేవాళ్లే ఎక్కువ. మా టీమ్‌లో ఇద్దరిది షియాన్. "మా ఊరు చూడకుండా వెళ్లిపోతావా?" అని పట్టుబట్టి తీసుకెళ్లారు.

14వ శతాబ్దంలో మింగ్ రాజులు కట్టిన కోటగోడ మీద అద్దె సైకిళ్లు దొరుకుతాయి. చుట్టూ 13.7 కిలోమీటర్లు. దిగేసరికి ఆకలి దంచేస్తోంది. వేడివేడి మటన్ పులుసు వచ్చేస్తుందనుకుంటే, ముందు చేతికో గట్టి రొట్టె ఇచ్చారు. దాన్ని మనమే తుంపి ఇస్తే అందులో పులుసు పోసి తెస్తారట. "ఇంకా చిన్న ముక్కలు చెయ్యి" అంటూ మావాడు అత్తగారిలా వెంటపడ్డాడు!

1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ మట్టి సైనికుల్ని ఎలాగూ అందరూ చూస్తారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం పెద్ద హంస పగోడా. హుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి తెచ్చిన బౌద్ధ గ్రంథాల కోసం 652లో కట్టించారు. మనం పరీక్షల కోసం చదివే ఈ యాత్రికుడు అక్కడి పిల్లలకు కథల్లో హీరో.

ఆయన మా వైపు ధాన్యకటకానికీ వచ్చాడని చెప్పాను. ఆ అమ్మాయి ఆగిపోయింది. "అక్కడ ఇప్పుడేముంది?"

ఫోన్‌లో అమరావతి స్తూపం చూపించాను. మిగిలింది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. "మరి శిల్పాలు?" కొన్ని అక్కడి మ్యూజియంలో, చాలావరకు చెన్నైలో, లండన్‌లో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మ్యాప్ తెరిచి, "దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఏది?" అంది.